తాతయ్య ఆటోగ్రాఫుల పుస్తకం, నాన్న బాల్‌పెన్

మా తాతయ్య వాల్తేరు రైల్వేలో గుమస్తా. జీతం తక్కువ, సంగీతం పిచ్చి ఎక్కువ. ఊళ్లో కచేరీ ఉందంటే డ్యూటీ మార్చుకుని మరీ వెళ్లి, అయ్యాక వేదిక వెనక నిలబడి సంతకం పెట్టించుకునేవాడట. ఆ సంతకాల పుస్తకం మా ఇంట్లో దేవుడి గదిలో ఉండాల్సిన వస్తువులా పెరిగింది. అరచేతికన్నా కొంచెం పెద్దది, ముదురు ఎరుపు అట్ట, 38 పేజీలు. అందులో ద్వారం వెంకటస్వామి నాయుడు గారిది ఉంది, బాలమురళీకృష్ణ గారిది ఉంది, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారిది ఉంది. అన్నిటికన్నా గొప్పగా చెప్పుకునేది ఘంటసాల పేజీ. చుట్టాలెవరొచ్చినా చివరికి ఆ పేజీ తీయాల్సిందే.

2025 జనవరి 19న, పండగకి వచ్చి ఇంకా వెళ్లని మా పెద్దనాన్న గారి అబ్బాయి ఆ పేజీని ఫోన్లో ఫొటో తీసుకున్నాడు. రెండు రోజుల్లో బెంగళూరు నుంచి ఫోన్. "పాత సంతకాలు కొనే ఆయన ఒకడున్నాడు, ఘంటసాల ఒక్కదానికే 60,000 ఇస్తాట్ట, కాకపోతే అసలుదని సర్టిఫికెట్ కావాలి" అన్నాడు. అమ్మాలా వద్దా అన్నది తర్వాత సంగతి. సర్టిఫికెట్ అనే మాట వినగానే నాకు పట్టుకుంది. ఇన్నేళ్లలో ఇది అసలుదేనా అని ఇంట్లో ఒక్కరైనా అడగలేదు.

మొదటి తప్పు వెంటనే చేశాను. ఆన్‌లైన్లో ఫొటో పంపితే సర్టిఫికెట్ ఇస్తామనేవాళ్లు దొరికారు. 1,800 కట్టాను. రెండో రోజే బంగారు అంచుతో పీడీఎఫ్ వచ్చింది, నిస్సందేహంగా అసలుదేనని. సంతోషించాను కూడా. అదే రాత్రి అలాంటి అమ్మకాల పేజీలు తిరగేస్తుంటే, ఘంటసాల స్వయంగా సంతకం చేశారంటూ ఒక తపాలా కవరు కనబడింది. దానికీ ఇలాంటి బంగారు అంచు సర్టిఫికెట్టే. కవరు మీదున్నది ఆయన బొమ్మ స్టాంపు. ఆ స్టాంపు విడుదలైంది 2003 ఫిబ్రవరి 11న. ఆయన పోయింది 1974లో, అదే తేదీన. ఇరవై తొమ్మిదేళ్ల తర్వాత వచ్చి సంతకం పెట్టారన్నమాట. నా 1,800 ఎటు పోయాయో అప్పుడు అర్థమైంది.

జనవరి 27న సెలవు పెట్టి ప్రభుత్వ ఫోరెన్సిక్ ల్యాబ్‌లో అడిగి చూశాను. మర్యాదగానే చెప్పారు: పోలీసులో కోర్టో పంపితేనే చూస్తాం, ఇంట్లోవాళ్లు తెస్తే తీసుకోం. గేటు దగ్గర ఉన్న కానిస్టేబుల్ "ఏటమ్మా, ఆస్తి తగాదానా?" అని అడిగాడు. కాదు, ఘంటసాల అన్నాను. ఆయన నన్ను ఒకసారి ఎగాదిగా చూసి ఊరుకున్నాడు.

ఫిబ్రవరి 8, శనివారం. ఎంవీపీ కాలనీలో, ఇలాంటి దస్తావేజులు చూసే ఉద్యోగం చేసి రిటైరైన ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. బ్యాంకు చెక్కులు, వీలునామాలు చూసే మనిషి. పాటగాళ్ల సంతకం చూడమని ఆయన్ను అడగడం అదే మొదటిసారట. ఫొటో చూపించబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "ఫొటోలో నాకు కనబడేది ఆకారమే అమ్మా. ఆకారం ఎవడైనా దించుతాడు. చెయ్యి ఎంత వేగంగా కదిలింది, ఎక్కడ ఒత్తింది, ఎక్కడ ఆగింది, ఇవి కాగితంలో ఉంటాయి" అన్నారు. ఫీజు 6,500. అది కాక ఒక పని పెట్టారు. అదే కాలంలో ఘంటసాల చేసిన సంతకాలు, అనుమానం లేనివి, కనీసం రెండు మూడు తెమ్మన్నారు. జిరాక్సులు కాదు, అసలు కాగితాలు.

ఇది చెప్పినంత తేలిక కాదు. మన దగ్గర పాత ఉత్తరాలు ఎవరు దాచారు? తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాను. రేడియోలో పనిచేసి రిటైరైన ఒకాయన్ని అడిగాను, సంగీత సభల్లో పాత కార్యదర్శులను అడిగాను. మూడు వారాలు ఇదే పని. చివరికి విజయనగరంలో దొరికింది. అక్కడ దొరకడం ఒక రకంగా న్యాయమే, ఘంటసాల చదువుకున్నది అక్కడి సంగీత కళాశాలలోనే కదా. నాన్న స్నేహితుడి బావగారి ఇంట్లో రెండు కార్డులున్నాయి. ఇంటి బయటికి ఇవ్వనన్నారు, అది సబబే. ఆ పెద్దాయనే నాతో బస్సెక్కి విజయనగరం వచ్చారు, ఆ మనిషి ఓపికకి దండం పెట్టాలి. దారి ఖర్చులు ఇద్దరికీ కలిపి 480. ఆయన కార్డు చేతిలోకి తీసుకుని ముందు సంతకం చూడలేదు, స్టాంపు చూశారు. దాని మీద నయా పైసలు అని ఉంది. దశాంశ నాణేలు వచ్చింది 1957 ఏప్రిల్‌లో, 'నయా' మాట తీసేసింది 1964లో. ఆ మధ్యదే ఈ కార్డు. మా తాతయ్య పేజీ మూలన పెన్సిల్‌తో రాసుకున్న ఏడు 1957. "మంచిది, ఒకే కాలం" అన్నారు. పోస్టాఫీసు ముద్ర సగం చెరిగిపోయినా పని జరిగింది.

మార్చి 15న రమ్మన్నారు. మొత్తం అయిదు వారాలు.

ఆ రోజు టెన్షన్‌తో టిఫిన్ కూడా తినలేదు. ఆయన టేబుల్ మీద భూతద్దం, పక్కనుంచి వేసే చిన్న దీపం, ఊదారంగు అల్ట్రావయొలెట్ టార్చి, కంప్యూటరుకి తగిలించిన చిన్న మైక్రోస్కోపు. ముందు తేలిగ్గా తేలేవి చెప్పారు. ఎం.ఎస్. గారిది సంతకమే కాదు, అచ్చు. భూతద్దంలో చూస్తే గీతంతా చిన్న చిన్న చుక్కలు, పేపర్లో ఫొటోని దగ్గరగా చూసినట్టు. ఏదో సావనీర్‌లోంచి కత్తిరించి తాతయ్య అంటించాడు. మా అత్త ఈ ముక్క ఇప్పటికీ నమ్మడం లేదు.

బాలమురళి గారిది ఒకప్పుడు అంటించి, తర్వాత ఊడివచ్చిన చీటీ. దీపాలన్నీ తీసేసి ఊదా టార్చి వేస్తే పుస్తకం కాగితం మబ్బుగా ఉండిపోయింది, ఈ చీటీ మాత్రం సర్ఫులో ఉతికిన చొక్కాలా తెల్లగా మెరిసింది. కాగితానికి ఆ మెరుపునిచ్చే రసాయనాలు కలపడం 1950 ప్రాంతం నుంచే వచ్చిందట. తాతయ్య కథ ప్రకారం అది 1940ల్లో, బాలమురళి గారు ఇంకా పిల్లవాడిగా పాడుతున్నప్పటిది. అలా అయ్యే వీల్లేదు. అంత మాత్రాన సంతకం దొంగది కాదు, ఆయన 2016 దాకా ఉన్నారు, ఎప్పుడైనా పెట్టి ఉండొచ్చు. తప్పు సంతకానిది కాదు, కథది. ద్వారం వారి పేజీకి పోల్చడానికి మేం ఏమీ తేలేకపోయాం కాబట్టి దాని మీద అభిప్రాయం రాయనన్నారు.

ఇక ఘంటసాల. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇది దిద్దింది అమ్మా" అన్నారు.

నాకు మొదట అర్థం కాలేదు. పక్క దీపం వేసి చూపించారు. గీత పొడుగునా సన్నటి కాలువలా గుంట ఉంది. అది బాల్‌పెన్ గుండు చేసే గుంట, నిబ్బు అలా చెయ్యదు. వంపు తిరిగిన ప్రతిచోటా సిరా చిన్న ముద్దగా పడి ఉంది. మధ్యలో మూడుచోట్ల పెన్ను ఎత్తి మళ్లీ పెట్టిన జాడ. జీవితంలో వేలసార్లు పెట్టిన సంతకంలో మనిషి అలా ఆగడు. వెనకవైపు వేలితో తడిమితే ఉబ్బు తగిలింది. ఇన్నేళ్లు ఆ పేజీని వేలమంది చుట్టాలకి చూపించాం, ఒక్కరం వెనక తడమలేదు.

కడుపులో దేవినట్టయింది. నాకు గుర్తొచ్చింది 60,000 కాదు. తాతయ్యే కూర్చుని దించి ఉంటాడా? అంత పని చేశాడా?

అప్పుడాయన లైట్లు తీసేసి ఊదా టార్చి వేశారు. బాల్‌పెన్ గీత పక్కనే, వెంట్రుక వాసి దూరంలో, ఇంకో గీత నల్లగా లేచింది. మామూలు వెలుతురులో అక్కడ లేత గోధుమరంగు మరక తప్ప ఏమీ లేదు. పాతకాలపు బ్లూ బ్లాక్ సిరాలో ఇనుము ఉంటుందట. ఏళ్లు గడిచేకొద్దీ కంటికి వెలిసిపోతుంది కానీ ఈ కాంతిని మింగేస్తుంది, అందుకే నల్లగా కనబడుతుంది. ఆ కింది గీతలో ఆగడం లేదు, ఎత్తడం లేదు. ఒత్తిన చోట నిబ్బు రెండుగా విచ్చుకున్న అంచులు కూడా మైక్రోస్కోపులో దొరికాయి. ఎవరో హడావిడిగా, నిలబడి, వెళ్లిపోతూ పెట్టిన సంతకం. దాని మీద ఇంకెవరో కూర్చుని, నిదానంగా, భయంభయంగా దిద్దారు.

"ఇంట్లో ఎవరైనా దిద్దారా?" అని అడిగారు. లేదండీ, ఎవరూ దిద్దరు, దేవుడి పటంలా చూస్తాం అన్నాను.

రిపోర్టు రెండు పేజీలు ఇచ్చారు. కింది గీత సహజంగా రాసిందని, పోల్చిన కార్డులతో కలిసే లక్షణాలున్నాయని, కానీ పైన దిద్దడం వల్ల చాలా భాగం కప్పబడిపోయింది కాబట్టి ఫలానావారిదేనని నిర్ధారించలేనని. నేను బతిమాలాను. ఒక్క వాక్యం గట్టిగా రాయండి సార్ అని. రాయలేదు. అప్పుడు కోపం వచ్చింది గానీ, ఇప్పుడు ఆ బంగారు అంచు కాగితం పక్కన ఈ రెండు పేజీలు పెట్టి చూస్తే నాకు దీని మీదే నమ్మకం.

ఆ రాత్రి రిపోర్టు నాన్నకి చదివి వినిపించాను. నాన్నకి ఎనభై. చపాతీ తుంచుతూ విన్నారు. ఏమీ అనలేదు. పది దాటాక నా గది తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"అది నేనే అమ్మాయ్."

1986లో తాతయ్య పోయాక పెట్టె సర్దుతుంటే పేజీ వెలిసిపోతూ కనబడిందట. ఇంకో పదేళ్లు పోతే ఏమీ మిగలదని భయమేసి, ఆఫీసు బాల్‌పెన్‌తో దిద్దారట. దిద్దే ముందు పాత కాగితం మీద నలభైసార్లు ప్రాక్టీసు కూడా చేశారు. ఎవరికీ చెప్పలేదు, అమ్మకి తప్ప. "బాగానే వచ్చిందనుకున్నాను" అన్నారు. నాకేం అనాలో తెలియలేదు. బాగానే వచ్చింది నాన్నా, అంత బాగా వచ్చింది కాబట్టే ఇంత గొడవ అన్నాను. నవ్వలేదు.

బెంగళూరు బేరం రిపోర్టు పంపిన రోజే 8,000కి దిగింది, తర్వాత ఆ మనిషి ఫోన్ ఎత్తడం మానేశాడు. అన్నయ్య నా మీద ఇంకా గుర్రుగా ఉన్నాడు. రిపోర్టు చూపించకుండా ఆ పీడీఎఫ్ ఒక్కటే పంపాల్సిందట.

సంతకం సంగతి ఎలా ఉన్నా కాగితాలు మాత్రం నాశనమవుతున్నాయని పెద్దాయన చెప్పారు. అదృష్టం కొద్దీ ఆయన దగ్గరికి ముందు వెళ్లాను. బాగుచేయించి తీసుకెళ్లి ఉంటే, కాగితం కడిగి చదును చేసేటప్పుడు ఆ పెన్ను గుంటలు, ఉబ్బులు చాలావరకు పోయేవట. చూపించేది ముందు, బాగుచేయించేది తర్వాత.

మా పుస్తకానికి జరిగినవన్నీ ఇక్కడ ఒప్పుకోవాలి. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్. మా రైల్వే న్యూ కాలనీ ఇంట్లో కిటికీ అద్దాలు పగిలి వాన నేరుగా పెట్టె మీద పడింది. తడిసిన కాగితాన్ని రెండు రోజుల్లోపు ఆరబెట్టాలి, లేదా సంచీలో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలి, లేకపోతే బూజు పడుతుంది. ఇది నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలిసినా ఉపయోగం లేదు, వారం రోజులు కరెంటు లేదు. మేం డాబా మీద ఎండలో పరిచి, గాలికి ఎగరకుండా గరిటెలు బరువు పెట్టాం. ఆపైన పౌడరు చల్లాం. పేజీలు అప్పడాల్లా వంకర్లు తిరిగాయి. ద్వారం వారి పేజీలో కింద మూడో వంతు నీలంగా కరిగి వ్యాపించింది. చిరిగినచోటల్లా నాన్న వెనక సెల్లోటేప్ వేశారు. మరుసటేడు మా తమ్ముడు, ఊడివచ్చిన బాలమురళి చీటీని ఒక జిరాక్సు షాపులో 20 రూపాయలకి లామినేషన్ చేయించాడు. అందరం మెచ్చుకున్నాం.

వైజాగ్‌లో కాగితాలు బాగుచేసేవాళ్లు నాకు దొరకలేదు. హైదరాబాదులో సొంతంగా ఈ పని చేసే ఒక మేడమ్ ఫోన్లోనే చెప్పారు: కొరియర్ వద్దు, మీరే తేండి, రెండు అట్టల మధ్య పెట్టి కట్టండి, ప్లాస్టిక్ కవర్లో పెట్టకండి చెమట పడుతుంది. ఏప్రిల్ 24న గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో, పుస్తకం ఒళ్లో పెట్టుకుని, రాత్రంతా నిద్రపోకుండా వెళ్లాను. చేతులకి తెల్ల గ్లౌజులు కొనుక్కుని మరీ వెళ్లాను. ఆవిడ చూసి తీసేయమన్నారు. గ్లౌజుతో కాగితం పట్టు తెలియదు, అంచులు చిరుగుతాయి, సబ్బుతో కడిగి ఆరబెట్టిన చెయ్యి చాలన్నారు. బల్ల మీద పెన్ను కూడా ఉంచనివ్వలేదు, పెన్సిలే. రసీదులో పేజీలు 38, విడి కాగితాలు 3 అని లెక్క రాసి, ప్రతి పేజీ నా ఎదురుగానే ఫొటో తీశారు. మీరెవరైనా ఇస్తే ఇది లేకుండా ఇవ్వకండి.

తర్వాత సిరా పరీక్ష. గీత చివర సూదిమొనంత నీటిచుక్క పెట్టి, అద్దుడు కాగితం ముక్క ఒత్తి, రంగు అంటుతుందేమో చూశారు. ద్వారం వారి పేజీ సిరా వెంటనే అంటింది, అంటే దాన్ని నీళ్లతో కడగడం కుదరదు. ఘంటసాల పేజీలో కింది సిరాకి నీళ్లు పడవు, పైన ఉన్న బాల్‌పెన్‌కి స్పిరిట్ లాంటివి పడవు. నాన్న దిద్దిన గీత ఒక్కటే తీసేసే దారి లేదా అని అడిగాను. ఆ సిరా కరిగితే పక్కకి పాకి మొత్తం ఊదా మరక అవుతుందన్నారు. సెల్లోటేప్ పైపొరని వెచ్చటి గరిటెలాంటి పనిముట్టుతో మెల్లగా లేపొచ్చు. కాగితంలోకి ఇంకిన పసుపు జిగురు పోవాలంటే స్పిరిటో ఎసిటోనో లాంటిది వాడాలి. కానీ ఆ టేపు సరిగ్గా సంతకం వెనకే ఉంది. జిగురు తీస్తే బాల్‌పెన్ కరుగుతుంది. రెండూ నాన్నవే. అక్కడ జిగురు అలాగే వదిలేశారు.

లామినేషన్ చీటీని అసలు ముట్టుకోలేదు. వేడికి ఆ గమ్ము పోగుల్లోకి కరిగి కలిసిపోయిందట. తీయడానికి ప్రయత్నించవచ్చు, సంతకం కూడా దాంతో పాటు వచ్చేయవచ్చు. "నేనైతే తీయను, మీ ఇష్టం" అన్నారు. తమ్ముడికి ఫోన్ చేస్తే "పోనీ, నీళ్లు పడినా ఏమీ కాదు కదా" అన్నాడు. అదీ నిజమే.

పదకొండు వారాలు పట్టింది. జూలై 12న వెళ్లి తెచ్చుకున్నాను. వంకర్లు దాదాపు పోయాయి. చిరుగుల వెనక జపాన్ కాగితం, పొగలాంటి పలచటిది, గోధుమ గంజితో అంటించారు. వేలికి తగలదు, వెలుగుకి పట్టుకుంటే గానీ కనబడదు. కావాలంటే తడి చేసి మళ్లీ తీసేయవచ్చట. కానీ కొత్తదానిలా రాలేదు. నేను లోపల్లోపల కొత్తదానిలా వస్తుందనే అనుకున్నాను. ద్వారం వారి పేజీలో ఆ నీలి మేఘం అలాగే ఉంది, పోయిన అక్షరాలు పోయినట్టే.

బాగుచేసినందుకు 14,500. రెండుసార్లు హైదరాబాద్ రానూపోనూ, ఉండడం, 7,400. ఆమ్లం లేని అట్టపెట్టె 1,600, గాలిలో తేమ చూపించే చిన్న మీటరు 450. సర్టిఫికెట్టు, పెద్దాయన ఫీజు, బస్సు ఛార్జీలు కలుపుకుంటే మొత్తం 32,730. తేమ యాభై శాతం దగ్గర ఉండాలన్నారు. మా ఇంట్లో మీటరు పెట్టిన రోజు 79 చూపించింది. సముద్రం పక్కన బతుకుతూ యాభై అంటే ఎలా అని అడిగితే, కనీసం పైకీ కిందకీ ఊగకుండా చూడండి, పెట్టెలో సిలికా జెల్ వేసి నెలనెలా మార్చండి, బీరువాని బయటి గోడకి ఆనించకండి అన్నారు. బీరువా జరిపాం. గోడమీద అరచేయంత బూజు ఉంది.

ఊదా టార్చి ఈ లెక్కలో లేదు. 650 పెట్టి నేనే కొన్నాను, నాన్న చూస్తానన్నారని. ఆ కాంతి కూడా సిరాకి మంచిది కాదు, పది సెకన్లు దాటించొద్దని మేడమ్ గట్టిగా చెప్పారు. ఆగస్టు 10, ఆదివారం రాత్రి తలుపులు వేసి, లైటు తీసి, పేజీ తెరిచాను. నల్లటి గీత లేచింది. నాన్న వంగి చూశారు. లోపల లెక్కపెడుతున్నాను, నాలుగు, అయిదు. చివర ఒకచోట బాల్‌పెన్ గీత పాతదాన్ని వదిలేసి పక్కకి పోయింది. అక్కడ వేలు పెట్టబోయి ఆగారు.

"ఇక్కడ చెయ్యి జారింది" అన్నారు. "మీ అమ్మ కాఫీ తెచ్చింది."